కుక్క బిస్కెట్ల సంగతి

మార్చి 4

బాబాయ్‌కి,

ఎలా ఉన్నావు? ఫోన్ చేస్తే నువ్వు "ఆఁ? ఆఁ?" అనడం, నేను గొంతు చించుకోవడం, పక్క గది టీచరమ్మ తలుపు తట్టి "అంతా బాగానే ఉందా?" అని అడగడం. ఆ గొడవంతా ఎందుకని ఉత్తరమే రాస్తున్నాను. మీ మేడ మెట్లకి పట్టుకునే కమ్మీ వేయించారా, ఇంకా గోడ తడుముకుంటూనే దిగుతున్నావా?

నీతో ఒక పని పడింది. డాక్టరమ్మ దగ్గర నా పని మధ్యాహ్నానికల్లా అయిపోతోంది. మిగతా పూట ఖాళీగా ఉండే బదులు ఇంట్లోనే బిస్కెట్లు చేసి అమ్ముదామని మొదలుపెట్టాను. మా వీధి చివర ఆదివారం బజారులో ఒక బల్ల ఇచ్చారు. పేరు కూడా పెట్టేశాను, "కరకర" అని. పేరైతే కుదిరింది గానీ బిస్కెట్టే కరకరలాడటం లేదు. పైన మాడుతుంది, లోపల మెత్తగా ఉంటుంది. నాలుగు రోజులకే బూజు పడుతోంది.

నాకు బాగా గట్టి బిస్కెట్ కావాలి. పళ్ళకి పని చెప్పేది. తినేవాళ్ళు చిన్నవాళ్ళు, ఊరికే మింగెయ్యకుండా కొరుక్కుని కొరుక్కుని తినాలి. ముప్పై ఎనిమిదేళ్ళు బిస్కెట్ ఫ్యాక్టరీ ఓవెన్ ముందు నిలబడ్డ మనిషి మన ఇంట్లోనే ఉండగా ఇంకెవర్ని అడగను?

ఒంటరిగా ఉన్నానని దిగులు పడకు. టీచరమ్మ తోడుంది.

నీ
చిట్టి


మార్చి 11

చిట్టి తల్లికి,

నీ ఉత్తరం శనివారం చేరింది. కవరు మీద జిడ్డు మరక చూసి వెన్న అనుకుని మురిసిపోయాను. వాసన చూస్తే మాంసం వాసన! చెవుల దారిలోనే ముక్కు కూడా పోతోందేమో నాకు తెలీదు.

నువ్వు బిస్కెట్లు చేస్తున్నావంటే ఎంత సంతోషమైందో చెప్పలేను. మన ఇంట్లో ఇన్నేళ్ళలో నా పని గురించి ఒక్కరు కూడా ఒక్క ప్రశ్న అడిగిన పాపాన పోలేదు. కింద సైకిల్ షాపు ఆయనకి నీ ఉత్తరం చదివి వినిపించాను. ఆయనకి విసుగొచ్చే దాకా.

శ్రద్ధగా చదువు. నాలుగు గిన్నెల గోధుమపిండికి ఒకటిన్నర చక్కెర, ఒకటి వెన్న, చిటికెడు ఉప్పు. నీళ్ళు కొసరి కొసరి పొయ్యి. కలిపిన ముద్ద మీద తడిబట్ట కప్పి అరగంట దాని మానాన దాన్ని వదిలెయ్యి. చిటికెన వేలి గోరంత మందాన ఒత్తి, ఫోర్కుతో చిల్లులు పొడువు. లేకపోతే బొబ్బలెక్కుతుంది. అసలు గుట్టు ఇక్కడుంది: కాల్చడం వేరు, ఆరబెట్టడం వేరు. రంగు రాగానే సెగ బాగా తగ్గించి, తలుపు కొంచెం తెరిచి ఇంకో గంట లోపలే ఉంచు. తేమ పోతే బూజు రాదు, గట్టిదనం దానంతటదే వస్తుంది. నువ్వు ఆ గంట ఓపిక పట్టడం లేదు. పుట్టినప్పటి నుంచీ నీకు లేనిది అదే.

ఒక్కటి చెప్పు. తినేవాళ్ళు చిన్నవాళ్ళన్నావు. ఎంత చిన్న? పళ్ళు వచ్చినవాళ్ళా, వస్తున్నవాళ్ళా?

ఆశీస్సులతో
మీ బాబాయ్


మార్చి 19

బాబాయ్‌కి,

ఆ గంటలోనే ఉంది మహిమంతా! గోడకేసి కొట్టినా విరగలేదు. టీచరమ్మ దాన్ని బల్ల కోడు కింద ఆసరాగా పెట్టి చూపించింది.

చక్కెర మాత్రం వెయ్యలేదు, ఏమీ అనుకోకు. ఉప్పు కూడా మానేశాను. డాక్టరమ్మ రెండూ వద్దన్నారు. నీళ్ళకి బదులు కోడిమాంసం ఉడికించిన నీళ్ళు పోస్తున్నాను. అప్పుడు మాత్రం ముద్ద పొడిపొడిగా విరిగిపోతోంది. ఎందుకంటావు?

వయసంటావా, రెండు నెలల వాళ్ళ దగ్గర్నుంచి పదమూడు పద్నాలుగేళ్ళ వాళ్ళ దాకా ఉన్నారు. మరీ పసివాళ్ళకి నానబెట్టి పెట్టమని చెబుతున్నాను.

చేయడం ఒక ఎత్తు, అమ్మడం ఇంకో ఎత్తు అని ఇప్పుడు తెలిసొచ్చింది. మొదటి ఆదివారం జనం ఆగారు, చూశారు, "పాపం" అన్నట్టు నవ్వి వెళ్ళిపోయారు. కాగితాలు అచ్చు వేయించి పంచితే వాటితోనే పక్క బల్ల దగ్గర చేపలు చుట్టుకుని పట్టుకెళ్ళారు. ఏం చేస్తే మనవైపు చూస్తారో తోచడం లేదు.

ఇంకొకటి. నీ చేత్తో రేకు వంచి ఒక అచ్చు చేసి పంపగలవా? రెండు చివర్లా రెండేసి గుండ్రాలు, మధ్యలో సన్నగా. బొమ్మ వేశాను చూడు.

నీ
చిట్టి


మార్చి 27

చిట్టి తల్లికి,

నీ ఉత్తరం చదివాను. మళ్ళీ చదివాను. నాకేమీ బోధపడలేదు.

కోడి నీళ్ళతో బిస్కెట్టా? ఫ్యాక్టరీలో ఈ మాట అంటే మా పెద్ద మేస్త్రీ నన్ను సంచిలో కట్టి గేటు బయట పెట్టించేవాడు. అయినా అడిగావు గనక చెబుతున్నాను. ఆ నీళ్ళ మీద కొవ్వు తేలుతుంది, అందుకే విరుగుతోంది. చల్లారాక పైన గడ్డకట్టిన కొవ్వు తీసేసి వాడుకో.

కానీ రెండు నెలల పిల్లకి బిస్కెట్ నానబెట్టి పెట్టే తల్లి ఎవరమ్మా? డాక్టరమ్మకి ఆ మాత్రం తెలియదా? చక్కెర లేదు, ఉప్పు లేదు, గోడకేసి కొట్టినా విరగదు. అదేం తిండి? పెద్దవాళ్ళనైతే నోరు కట్టుకోమనొచ్చు. పసివాళ్ళు ఏం పాపం చేశారు?

అచ్చు చేశాను. కండలు పెంచేవాళ్ళు ఎత్తే ఇనప బరువులా వచ్చింది. తింటే బలమొస్తుందని తల్లులకి తోచాలని కాబోలు నీ ఉద్దేశం. బాగుంది. అంచుకి నూనె రాసి వాడు.

ఇక అమ్మకం గురించి. కాగితం వాసన రాదు, బిస్కెట్ వస్తుంది. కాగితాలు మానేసి, పొద్దున్నే చేసిన వేడి పళ్ళెం బల్ల మీదికి తీసుకెళ్ళు. ముందు తల్లులకి రుచి చూపించు. తల్లి నోట్లో పెట్టుకోనిది పిల్లకి పెట్టదు. ఆ తర్వాత ఇష్టంగా తినే పిల్లలు ఇద్దరు ముగ్గుర్ని బల్ల పక్కనే కూర్చోబెట్టు. వాళ్ళని మించిన బోర్డు లేదు.

పిల్లలెవరో మాత్రం ఈసారి వివరంగా రాయి.

మీ బాబాయ్


ఏప్రిల్ 7

బాబాయ్‌కి,

నువ్వు మనిషివి కాదు, మంత్రగాడివి! అచ్చు చూసి బజారంతా మెచ్చుకున్నారు. నిన్న రెండు గంటల్లో బల్ల ఖాళీ.

నువ్వు చెప్పినట్టే తల్లులకి రుచి చూపించబోయాను. ఒక్కొక్కరూ రెండడుగులు వెనక్కి జరిగారు. ఒకామె "నేనా?" అంది, తిట్టినట్టు చూసి. ఇక లాభం లేదని నేనే ఒకటి తీసి అందరి ముందూ నమిలి మింగాను. అంతే, చేపల బల్ల దగ్గరి జనం కూడా ఇటు తిరిగిపోయారు. "ఆ అమ్మాయి తినేసింది!" అని ఒకరికొకరు చెప్పుకుంటూ వచ్చి కొన్నారు.

పక్కన కూర్చోబెట్టమన్నావు కదా, మా వీధి దర్జీ గారు వాళ్ళ బంగారాన్ని ఎత్తుకొచ్చి కూర్చోబెట్టారు. దానికి సగం పళ్ళు లేవు, ఒక కన్ను కనిపించదు. అయినా నా బిస్కెట్ రెండు చేతులతో పట్టుకుని పావుగంట సేపు ఓపిగ్గా అరగదీసి తింది. దర్జీ గారు ఆ సంతోషంలో నాకు బిస్కెట్లు కట్టివ్వడానికి గుడ్డ సంచులు కుట్టి ఇస్తానన్నారు.

పిల్లలెవరని అడిగావు. అందరూ డాక్టరమ్మ దగ్గరికి వచ్చేవాళ్ళే. కొందరు అమ్మా నాన్నా లేక వీధుల్లోంచి వచ్చినవాళ్ళు, ఎవరో ఒకరు దయ తలిచి ఇంట్లో పెట్టుకున్నారు. మాటలు రావు కదా, నచ్చిందో లేదో కళ్ళను చూసే తెలుసుకోవాలి. ఇంతకన్నా ఇప్పుడు అడక్కు బాబాయ్. తర్వాత చెబుతాను.

నీ
చిట్టి


ఏప్రిల్ 14

తల్లీ,

నన్ను క్షమించు. నేను ఏవేవో పరాచికాలు ఆడాను. మాటలు రాని పిల్లలని, దిక్కులేని పిల్లలని నాకు ముందే చెప్పి ఉంటే ఆ ఉత్తరం అలా రాసేవాణ్ణా? ఒంటి కన్ను పాప రెండు చేతులతో బిస్కెట్ పట్టుకుందని చదివి ఆ పూట నాకు అన్నం సహించలేదు.

నీ డాక్టరమ్మ మీద నాకు గౌరవమే. కానీ ఏడాదికి ఒక్కరోజు చక్కెర తింటే ఎవరికీ ఏమీ కాదు. రెండు రోజులు కూర్చుని నా చేత్తో నేను చేశాను. ఫ్యాక్టరీలో పెద్ద దొరల ఇళ్ళకి మాత్రమే వెళ్ళే రకం. వెన్న రెట్టింపు, చక్కెర నిండుగా, నల్ల ఎండుద్రాక్ష నలగ్గొట్టి ముద్దలోనే కలిపాను. ఈరోజే డబ్బా పార్సెల్ వేశాను. మూత మీద చీటీ అంటించాను, ఎవరు తీసినా తెలిసేలా. ఇది అమ్మడానికి కాదు.

ఆ పాప తినేటప్పుడు నన్ను తలుచుకో.

మీ బాబాయ్


ఏప్రిల్ 21

బాబాయ్,

నీ ఉత్తరం ఈరోజు వచ్చింది. డబ్బా శనివారమే వచ్చింది, కట్టు విప్పకుండానే బల్ల సామాన్లతో పెట్టేశాను. ఉత్తరం ముందు వచ్చి ఉంటే ఎంత బాగుండేదో.

ఎలా చెప్పాలో తెలియక మూడు కాగితాలు చించేశాను. ఉన్నదున్నట్టు చెప్పేస్తాను. వాళ్ళు పిల్లలు కాదు. కుక్కలు. మా డాక్టరమ్మ పశువుల డాక్టరు. నాన్నకి చిన్నతనంగా ఉండి అందరికీ "డాక్టరు దగ్గర పని" అని మాత్రమే చెబుతాడు, నేనూ అదే అలవాటు చేసుకున్నాను. కుక్కల్ని పెంచుకునే వాళ్ళందరూ వాటిని పిల్లలనే అంటారు. నేను అబద్ధం ఒక్కటీ రాయలేదు గానీ, నువ్వు వేరేగా అనుకుంటున్నావని తెలిసి కూడా ఊరుకున్నాను.

నిన్న పొద్దున ఒక ఆవు ఈనలేక అవస్థ పడుతోందంటే డాక్టరమ్మతో వెళ్ళాను. బల్ల దగ్గర టీచరమ్మ ఉంది. నీ డబ్బా తెరిచింది. చీటీ మీద "పిల్లలకి ఒక్కొక్కరికి రెండు, అడిగితే ఇంకోటి, వద్దనకండి" అని ఉంది. ఆవిడ అలాగే పెట్టింది. ఎండుద్రాక్ష కుక్కలకి విషం, బాబాయ్. మనకేమీ కాదు, వాటికి మూత్రపిండాలు పాడవుతాయి. నేను తిరిగొచ్చేసరికి నాలుగు కుక్కలు తినేశాయి. నాలుగింటినీ ఆస్పత్రికి పరుగెత్తించి కక్కించాం. మూడు బాగానే ఉన్నాయి. దర్జీ గారి బంగారం ముసలిది, అయిదు తింది. దానికి సెలైన్ ఎక్కుతోంది. మూడు రోజులు గడిస్తే గానీ ఏమీ చెప్పలేమన్నారు.

దర్జీ గారు బెంచీ మీద కూర్చుని గోడ వైపు చూస్తున్నారు. డాక్టరమ్మ అన్నారు, "నీ బిస్కెట్ల సంగతి ఇక నా ఆస్పత్రిలో ఎత్తకు" అని.

ఎందుకు దాచానో కూడా చెప్పేస్తాను. అక్క పెళ్ళిలో పెదనాన్న కొడుకు నిన్ను "బిస్కెట్ల బాబాయ్" అని ఎగతాళి చేస్తే పళ్ళెం వదిలేసి లేచి వెళ్ళిపోయావు. నాకు అప్పుడు పదకొండేళ్ళు. ఆ పళ్ళెం నాకిప్పటికీ కళ్ళ ముందు ఉంటుంది. అలాంటి నిన్ను కుక్కలకి బిస్కెట్లు చెయ్యడం నేర్పమని అడగడానికి నోరు రాలేదు. తప్పు నీది కాదు. పూర్తిగా నాది.

చిట్టి


ఏప్రిల్ 25

చిట్టీ,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. మొదటిసారి ఎవరో వేరేవాళ్ళకి రాసింది నాకొచ్చిందనుకున్నాను. కింద సైకిల్ షాపు ఆయన్ని పిలిచి చదివించాను. ఆయన చదివి, "పాత ఉత్తరాలు తీసుకురండి" అన్నాడు. ఇద్దరం వరసగా పెట్టుకుని చదివాం. కోడి నీళ్ళు, అచ్చు బొమ్మ, రెండు నెలల పిల్లలు. ఆయన నవ్వడం మొదలుపెట్టాడు. నాకు నవ్వు రాలేదు. ఆ కుక్క బతికే దాకా రాదు.

నా మటుకు నేను ప్రేమ అనుకుని విషం పంపాను. డాక్టరమ్మ వద్దన్న మాట నువ్వు ముందే రాశావు. అయినా నాకే ఎక్కువ తెలుసనుకున్నాను. అంచేత తప్పంతా నీదే అంటే నేను ఒప్పుకోను.

ఆ పళ్ళెం సంగతి. చిట్టీ, ఆ అబ్బాయి నన్ను ఏమన్నాడో నాకు వినపడలేదు. నువ్వు రాస్తేనే ఇప్పుడు తెలిసింది. అప్పటికే ఓవెన్ల హోరుకి నా ఎడమ చెవి పోయింది, ఎవరికీ చెప్పలేదు. పంక్తిలో అందరూ ఒక్కసారిగా నవ్వారు. దేనికో నాకు తెలియలేదు. వాళ్ళతో కలిసి నవ్వాలా, ఊరుకోవాలా తేల్చుకోలేక లేచి వెళ్ళాను. అంతే. "బిస్కెట్ల బాబాయ్" అంటే నాకెందుకు కోపం? నేను అదే కదా. ఇన్నేళ్ళూ నువ్వు దాన్ని మోశావా?

కుక్కలకైతే మాత్రం నేర్పనా? పిండికి ఎవరు తింటారో తెలియదు. దాని పద్ధతి దానిది.

దీంతో పాటు దర్జీ గారికి వేరే కాగితం పెట్టాను. ఆయనకి ఇవ్వు. మడత విప్పకు.

మీ బాబాయ్


మే 6

బాబాయ్‌కి,

బంగారం బతికింది! మూడో రోజు పొద్దున లేచి గిన్నెడు నీళ్ళు తాగింది. రక్తం మళ్ళీ పరీక్ష చేశారు, గండం గడిచిందన్నారు. ముందే రాద్దామనుకున్నాను గానీ, రెండోసారి పరీక్ష అయ్యే దాకా కలం పట్టడానికి భయమేసింది.

నీ కాగితం దర్జీ గారికి ఇచ్చాను. నా ముందే చదివారు. "అంటే ఈయన మా బంగారాన్ని నిజంగా ఆడపిల్ల అనుకున్నారా?" అని అడిగారు. అవునన్నాను. "మాటలు రావని బాధపడ్డారా?" అన్నారు. అన్నం మానేశాడని చెప్పాను. ఆయనకి తిట్టాలో నవ్వాలో అర్థం కాలేదు. కాసేపు మిషను మీద గుడ్డ అటూ ఇటూ జరిపి, "మా ఆవిడ కూడా దాన్ని ఆడపిల్ల అనే అనుకుంటుంది లెండి" అన్నారు. నువ్వు అందులో ఏం రాశావో ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఆ నాలుగిళ్ళకీ వెళ్ళి నేనే జరిగింది చెప్పాను. ఇద్దరు ఇక నా దగ్గర కొనేది లేదన్నారు. ఒకావిడ తలుపు వేసేసింది. డాక్టరమ్మ మాత్రం నిన్న పిలిచి, ప్రతి రకంలో ఏమేమి వేస్తానో రాసి చూపిస్తే మళ్ళీ మొదలుపెట్టుకోమన్నారు. ఇప్పుడు బల్ల మీద పెద్ద అక్షరాలతో బోర్డు పెట్టాను: "ఇవి కుక్కల బిస్కెట్లు. వీటిలో ఏముందో ఇక్కడ చదవండి." చూసినవాళ్ళు ఆగి చదువుతున్నారు. చదివాక కొందరు కొంటున్నారు, కొందరు వెళ్ళిపోతున్నారు. ఎవరు ఎందుకు కొంటారో నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

నువ్వొకసారి రావాలి. నా ఓవెన్ ఒక పక్క మాడ్చేస్తోంది. అది ఉత్తరంలో చెప్పే రోగం కాదు. పదిహేడో తారీఖు శనివారం రాగలవా? చక్కెర తేకు.

నీ
చిట్టి


మే 19

చిట్టి తల్లికి,

క్షేమంగా చేరాను. బస్సులో కిటికీ పక్కన చోటు దొరికింది. నీ ఓవెన్‌కి వెనక ఎడమ మూల సెగ ఎక్కువ. సగం కాలాక పళ్ళెం తిప్పి పెట్టడం మరిచిపోకు. టీచరమ్మకి నా నమస్కారాలు చెప్పు. ఆవిడ ఆ చీటీ గురించి మూడుసార్లు క్షమాపణ చెప్పింది, రాసింది నేనని మూడుసార్లూ గుర్తు చేశాను.

అసలు ఇంకో సంగతి చెప్పడానికి ఈ ఉత్తరం.

నిన్న బజారులో దర్జీ గారు బంగారాన్ని తీసుకొచ్చినప్పుడు నువ్వు ఎవరికో బోర్డు చదివి చెబుతున్నావు. అది నన్ను వాసన చూసింది. శనివారం నేను కాల్చిన దాంట్లోంచి ఒకటి తీసి, "పెట్టొచ్చా?" అని దర్జీ గారిని అడిగాను. ఆయన నా ముఖం వైపు చాలాసేపు చూసి తల ఊపారు. అది నా చేతిలోంచి మెల్లగా తీసుకుని బల్ల కిందకి వెళ్ళిపోయింది.

ముప్పై ఎనిమిదేళ్ళు నేను బిస్కెట్లు చేశాను, చిట్టీ. ఓవెన్ లోంచి కదిలే పట్టా మీద వచ్చేవి, అవతలి గదిలో డబ్బాల్లోకి వెళ్ళేవి, మూత పడేది, లారీ వెళ్ళిపోయేది. లోపల ఎవరూ నోట్లో వేసుకోకూడదని నియమం. ఎవరు తింటారో, ఎలా తింటారో ఎప్పుడూ చూడలేదు. బజార్లో ఎవరి చేతిలోనైనా బిస్కెట్ కనబడితే మా ఫ్యాక్టరీదో కాదో తెలిసేది కాదు.

అందుకని నేను కిందకి దిగాను. అరవై ఎనిమిదేళ్ళవాణ్ణి, నడి బజార్లో మోకాళ్ళ మీద కూర్చుని బల్ల కింద తల పెట్టి చూశాను. అది ముందు అంచు నాకింది. తర్వాత పళ్ళున్న వైపుకి తిప్పుకుంది. నువ్వు రాసినట్టే రెండు చేతులతో పట్టుకుంది. చివరి ముక్క దాకా తింది. నేల మీద రాలిన పొడి కూడా వదల్లేదు.

నువ్వు వంగి నా భుజం తట్టి, "ఏం పోయింది బాబాయ్?" అని అడిగావు. కళ్ళజోడు వెతుకుతున్నానన్నాను. నువ్వు కూడా పాపం మోకాళ్ళ మీద కూర్చుని వెతికావు.

కళ్ళజోడు నా జేబులోనే ఉంది.

మీ
బిస్కెట్ల బాబాయ్